వేడికి పనికిరాని కాగితం

పొద్దున ఐదింటికి వీధికొళాయిలో నీళ్లు మొదలయ్యేవి. ఐదుంపావుకి నాయనమ్మ నోట్లో మాటలు మొదలయ్యేవి. కొళాయిని ఎనిమిదింటికి కట్టేసేవారు. నాయనమ్మని కట్టేసే మొనగాడు ఇంకా పుట్టలేదు.

మూడంతస్తుల మేడకింద, మెట్ల వంపులో, నిటారుగా నిలబడితే తల తగిలే చోట ఆమె ఇస్త్రీ కొట్టు. దుప్పటి పరిచిన బల్ల, బొగ్గుల డబ్బా, నీళ్లచెంబు, గోడ మేకులకి వేలాడే చొక్కాలు. ఇస్త్రీ పెట్టె మాత్రం ఇత్తడిది. దాని బరువు గురించి ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఒకసారి అది చెయ్యిజారి కిందపడితే వీధి చివర డాక్టరుగారి గోడగడియారం ఆగిపోయింది. పదేళ్లయినా అక్కడ ఇంకా పదకొండున్నరే.

ఆ పెట్టె వేడికి చొక్కాల్లో ముడతలు పోయేవి, కాగితాల్లో అబద్ధాలు పోయేవి. మొదటి పని ఏ ఇస్త్రీ పెట్టైనా చేసేదే కాబట్టి రెండోదానికి కూడా జనం పెద్దగా ఆశ్చర్యపోలేదు. చొక్కాలతోపాటే కాగితాలు కూడా మూటలో పెట్టి, "సాయంత్రానికి అయిపోతాయా మామ్మగారూ?" అని మాత్రం అడిగేవారు. కాగితం బల్లమీద పరిచి, పైన తడిగుడ్డ కప్పి, పెట్టెని ఒకసారి అటు, ఒకసారి ఇటు నడిపిస్తే సరి. తెచ్చినవాళ్ల విషయంలో నిజం కాని ప్రతి ముక్కా ఆవిరై లేచి మెట్లెక్కి వెళ్లిపోయేది. ఆరేసిన బట్టలకి సిరా వాసన పడుతోందని మూడో అంతస్తువాళ్లు మధ్యాహ్నాలు కిటికీలు మూసుకునేవారు. అంతకుమించి ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

ఎవరో పాత మోటారుసైకిలు కొనబోతూ అమ్మేవాడి ప్రకటన తెచ్చి ఇస్తే, ఇస్త్రీ అయ్యాక అందులో "రెండు చక్రాలు" అన్న మాట ఒక్కటే మిగిలింది. ఎన్నికల కరపత్రం ఒకటి పెట్టెకిందికి వెళ్లి, కింద ఉన్న అచ్చాఫీసు చిరునామాతో మాత్రమే బయటికొచ్చింది. చొక్కాకి ఎంత కూలో కాగితానికీ అంతే. "అబద్ధాలు ఎక్కువున్నాయని ఎక్కువ తీసుకుంటే మన ధర్మం ఏమవుతుంది?" అనేది నాయనమ్మ.

ఇంత పెట్టె చేతిలో పెట్టుకుని ఆమె మాత్రం ఉన్నదాన్ని ఉన్నట్టు ఏనాడూ చెప్పలేదు. ఉన్నట్టు చెప్పడమంటే పిండని బట్ట ఆరేసినట్టే, పని సగంలో వదిలేసినట్టే ఆమెకి. కొడుకు ఆఫీసు మేడల్లో లిఫ్టులు బాగుచేస్తాడు. ఆ సంగతి ఆమె నోట్లోంచి బయటికొచ్చేసరికి కొడుకు లిఫ్టు ఇంజనీరయ్యేవాడు. వీధి మలుపు తిరిగేసరికి కంపెనీ వాడిదే అయ్యేది. తాను రోజుకి నలభై చొక్కాలు చేస్తే నాలుగొందలంటుంది. అందుకే ఆమె తన చేతిరాత ఉన్న కాగితాన్ని ఒక్కదాన్ని కూడా ఆ పెట్టె దరిదాపులకి రానివ్వలేదు.

ఇంట్లో ఇంకో ఇద్దరు ఆడవాళ్లు. కోడలు చిరిగిన అంచులు కుట్టి, ఊడిన బొత్తాలు వేసేది. మాటలు తక్కువ, ఉన్న నాలుగింటికీ సూది మొన ఉండేది. మనవరాలిని అందరూ పోగు అనేవారు. దారప్పోగంత సన్నం కాబట్టి ఒకటి, కొట్లో రాలిన దారాలన్నీ ఏరి నోటుపుస్తకంలో అంటించుకుంటుంది కాబట్టి రెండు. స్కూలు చదువు ఆఖరి ఏడాది. నూలు ఎందుకు ముడత పడుతుంది, ఉన్ని ఎందుకు పడదు, వేసిన మడతని గుడ్డ ఎన్నాళ్లు గుర్తుపెట్టుకుంటుంది అన్న ప్రశ్నలు తప్ప దాని బుర్రలో మరో ప్రశ్న లేదు. అవి నేర్పే చదువు ఒకటుందని, కానీ సముద్రాలవతల ఉందని, స్కూలు లైబ్రరీలో తెలుసుకుని వచ్చింది.

ఆ చదువుకి దాన్ని పంపగలమా అన్నదే ఆ ఏడాదంతా, కొట్టు వెనక వాళ్లుండే ఒకటిన్నర గదిలో తిరిగిన ఆలోచన.

ఎదురు మేడలో విదేశీ చదువుల ఆఫీసు నడిపే కోటాయన ఉన్నాడు. ఎండ పగిలిపోతున్నా కోటు విప్పేవాడు కాదు. ఆ కోటు ఇస్త్రీ నాయనమ్మదే. అతను ఓరోజు కోటు తీసుకోవడానికొచ్చి, పోగు చేతిలో రంగురంగుల కాగితాల కట్ట పెట్టాడు.

"ఇవన్నీ తక్కువ ఫీజు కాలేజీలమ్మా. మీలాంటివాళ్ల కోసమే ఏరి పెట్టా. స్కాలర్‌షిప్పు గ్యారంటీ."

"మాలాంటివాళ్లంటే?" అంది నాయనమ్మ, పెట్టె గాల్లోనే ఆపి.

"అంటే... మంచివాళ్లు మామ్మగారూ."

"ఆ పెద్ద ఫీజు కాలేజీల సంగతేంటండీ?" అడిగింది పోగు.

కోటాయన నవ్వాడు. "వాటి ఫీజు చూశావా? ఆ సున్నాలు లెక్కపెట్టడానికే ఒక డిగ్రీ కావాలి. అటు చూడకు."

అతను వెళ్లాక పోగు ఆ కట్టనీ, తాను లైబ్రరీలో ముద్రించుకొచ్చిన నలభై కాలేజీల కాగితాలనీ బల్లమీద పెట్టింది. ఆ సాయంత్రం చొక్కాలు ఆగాయి, కాలేజీలు వరసలో నిలబడ్డాయి.

ముందు కోటాయనవి. తడిగుడ్డ మీద పెట్టె నడవగానే "గ్యారంటీ" బుస్సుమని లేచింది. దాని వెనకే "స్కాలర్‌షిప్పు" పోయింది. "తక్కువ ఖర్చు" పోయింది. ఒక కాగితంలో చెట్టుకింద నవ్వుతూ కూర్చున్న పిల్లలు కూడా పోయారు, చెట్టు మిగిలింది. ఫీజు అంకె మాత్రం గోడలో మేకులా కదల్లేదు. పద్దెనిమిది కాగితాలకి పద్దెనిమిదీ అంతే. మెట్లమీద ఎంత ఆవిరి లేచిందంటే, రెండో అంతస్తు పెద్దాయన మంచు పడుతోందనుకుని మఫ్లరు చుట్టుకుని దిగాడు.

"తక్కువ ఫీజుట, తక్కువ ఫీజు! ఈ తక్కువకి మనం ముగ్గురం అమ్ముడుపోవాలి," అంది కోడలు, బొత్తాం దారం పంటితో కొరుకుతూ.

తర్వాత పోగు తెచ్చినవి. చాలావాటిలో "విదేశీ విద్యార్థులకు సహాయం" అన్న మాట లేచిపోయింది. ఆ సహాయం ఆ దేశం పిల్లలకేనని పోగు కింది చిన్నక్షరాలు చదివి చెప్పింది. దాని మొహం కాగితం కాగితానికీ చిన్నదైపోతోంది. అడుగున పెట్టిన కాగితాలు ఇంక తియ్యనే లేదు.

"అవేంటే?"

"పెద్ద ఫీజువి నాయనమ్మా. ఊరికే తెచ్చా. వదిలెయ్."

"బొగ్గులు ఎర్రగా ఉన్నాయి. నిప్పు దండగ చెయ్యకూడదు," అని నాయనమ్మ లాక్కుని పరిచింది.

పెట్టె నడిచింది. ఆవిరి లేచింది. ఈసారి పోయినవి సున్నాలు. ఒక్కొక్కటే, సబ్బు బుడగల్లాగా, గుండ్రంగా లేచి పోయాయి. అంత పెద్ద ఫీజూ రాలిపోయి, దానికింద ఒక వాక్యం నల్లగా, తడిగుడ్డకి కూడా అచ్చు దిగేంత గట్టిగా మిగిలింది. పోగు అక్షరం అక్షరం మీద వేలుపెట్టి చదివింది. 'విద్యార్థి ఏ దేశం వారైనా, వారి కుటుంబం ఎంత ఇవ్వగలదో అంతే ఇవ్వాలి. మిగిలినది మేము భరిస్తాము.'

"అబద్ధమైతే పోవాలి కదా?" అంది కోడలు. నాయనమ్మ మళ్లీ నడిపింది. పోలేదు. నిప్పులు ఊది మళ్లీ నడిపింది. కాగితం అంచు మాడింది కానీ వాక్యం మాడలేదు. నలభైలో అలాంటివి ఐదు తేలాయి. దరఖాస్తు రుసుం కట్టలేమని స్కూలువాళ్లు రాసిస్తే అదీ అక్కర్లేదని పోగు కనుక్కుని వచ్చింది. పరీక్షలు రాసింది, తన గురించి వ్యాసం రాసింది. అన్నీ పెట్టెకింద పెట్టుకుని చూసుకుంది. వ్యాసంలో "నాకు చిన్నప్పటినుంచీ గణితమంటే ప్రాణం" అన్నది ఒక్కటే ఆవిరైంది. దాని చోట ఇంకేదో రాసుకుంది.

చివరికి మిగిలింది ఒక ఫారం. ఇంటివాళ్ల ఆదాయం ఎంత, ఆస్తులేమిటి, ఏడాదికి ఎంత ఇవ్వగలరు. ఇంటిపెద్ద చేతిరాతతో నింపి సంతకం పెట్టాలి. స్కూలువాళ్లు దాన్ని ఇంగ్లీషులోకి మార్చి, ముద్ర వేసి ఐదు చోట్లకీ పంపుతారు. ఇంటిపెద్ద అంటే నాయనమ్మే, అందులో రెండో మాట లేదు. ఆమె నాలుగు తరగతులు చదివింది, పద్నాలుగని చెప్పుకునేది. పోగు ఒక్కో ప్రశ్నకీ అర్థం చెప్పి పరీక్షకి చదువుకోవడానికి వెళ్లింది. నాయనమ్మ మేకుకి తగిలించిన కళ్లజోడు తీసి, బల్లమీద మోచేతులానించి కూర్చుంది.

ముఖం తెలియని విదేశం దొరలు చదివే కాగితం! వాళ్ల ముందు ఇంటి పరువు తీసుకుంటామా? పిల్లనిచ్చేటప్పుడు ఇంటికి చేటంత చిల్లు ఉందని వియ్యాలవారితో చెప్తామా? ఇల్లు అన్న చోట "మూడంతస్తుల మేడ" అని రాసింది. మేడ మూడంతస్తులే కదా, అందులో మెట్లకింద తామున్నామన్నది చిన్న విషయం. కొడుకు "పెద్ద ఇంజనీరు" అయ్యాడు. కొట్టులో పన్నెండుమంది పనివాళ్లు చేరారు. వాహనాలు అన్నచోట లిఫ్టు రాద్దామా అని ఆలోచించి, కారు రాసింది. ఏడాదికి ఎంత ఇవ్వగలరన్న గడి దగ్గర పెన్ను ఒక్క క్షణం కూడా ఆగలేదు. "ఎంతైనా" అని రాసింది. ఆఖరి గడిలో, ఇంకేమైనా చెప్పదలచుకున్నారా అంటే, "మా పిల్ల కళ్లు మూసుకుని దారం ముట్టుకుంటే చాలు, అది ఏ గుడ్డలోదో చెప్పేస్తుంది" అని కొసరు వేసింది. అన్నిటికన్నా పెద్ద కోత అదేనని తనలో తాను ముసిముసిగా నవ్వుకుంది కూడా.

ఫారం స్కూల్లో ఇవ్వడానికి గడువు మర్నాడు సాయంత్రం. దాన్ని దాచమని కొడుక్కిస్తే, వాడు పనిముట్ల సంచిలో పెట్టాడు. మర్నాడు మధ్యాహ్నం భోజనానికొచ్చి తీస్తే, స్పానరు కింద నలిగి, నూనె చెయ్యి పడి, పిండిన తువ్వాలులా ఉంది.

"అయ్యో నాన్నా! ఇలా ఎలా ఇస్తాం?" అంటూ పోగు దాన్ని విప్పనైనా విప్పకుండా బల్ల దగ్గరికి పట్టుకెళ్లింది. "నాయనమ్మా, పెట్టె వేడిగానే ఉందిగా, ఒక్కసారి..."

"వద్దు!" నాయనమ్మ అరుపుకి మేకు మీది చొక్కా కిందపడింది. "అది వేడికి పనికిరాని కాగితం."

కోడలు సూది ఆపింది. "వీధిలో అందరి కాగితాలకీ పనికొచ్చిన వేడి మన కాగితానికి పనికిరాదా అత్తయ్యా?"

"దీని మందం వేరు."

"మందం కాగితానిదా?"

పోగు ఫారం విప్పింది. చదివింది. ఏడుస్తుందనుకున్నారు, ఏడవలేదు. మొదట కారు దగ్గర దానికి నవ్వొచ్చింది. "ఎంతైనా" దగ్గరికొచ్చేసరికి ఆ నవ్వు ఆగిపోయింది.

"నాయనమ్మా, ఎంతైనా ఇస్తామంటే, ఎంతైనా ఇవ్వమంటారు. ఉన్న సున్నాలన్నీ మళ్లీ తెచ్చి పెడతారు. తర్వాత మా దగ్గర లేదంటే ఒప్పుకోరు, ఒకసారే అడగాలి."

"మరి లేదని రాయనా? అడుక్కునేవాళ్లమని రాయనా? నీ చదువు కోసం నేను ఎంతైనా ఇవ్వనా? అది అబద్ధమా?"

"అమ్మా," అన్నాడు కొడుకు. అతను మాట్లాడటమే అరుదు. "నన్ను ఇంజనీర్ని చేశావు, సంతోషమే. కానీ రేపు ఏ లిఫ్టు పాడైనా బాగుచెయ్యడానికి వెళ్లేది మెకానిక్కే కదమ్మా."

కొడుకు పనికి పోయాడు. పోగు నోటుపుస్తకం ముందేసుకుని కూర్చుంది కానీ పేజీ తిప్పలేదు. నాయనమ్మ కాసేపు బొగ్గుల వైపు చూసింది, కాసేపు ఎదురుమేడ వైపు చూసింది. తర్వాత ఫారం తీసుకుని బల్లమీద పరిచింది. తడిగుడ్డ కప్పింది. వేలకొద్దీ కాగితాలు చేసిన చెయ్యి, ఆ పెట్టెని ఎత్తడానికి రెండో చెయ్యి సాయం తీసుకుంది.

మేడ మొదట పోయింది, పై అంతస్తు నుంచి కిందికి, ఒక్కో అంతస్తూ. ఇంజనీరు పోయాడు. పన్నెండుమంది పనివాళ్లు వరసగా లేచి మెట్లెక్కారు. కారు హారను కూడా కొట్టకుండా పోయింది. నాయనమ్మ ముప్పైయేళ్ల మాటలన్నీ ఆ వెనకే బయల్దేరినట్టు కొట్టంతా తెల్లగా కమ్మేసింది. "ఎంతైనా" మాత్రం పోలేదు. సగం మాసింది, మళ్లీ నల్లబడింది, మళ్లీ మాసింది. పోవాలా వద్దా అని దానికే తెలియనట్టు తటపటాయించింది. చివరికి పెద్ద నిట్టూర్పులాగా, మిగిలిన అన్నిటికన్నా నెమ్మదిగా లేచి వెళ్లింది.

గడులన్నీ ఖాళీ. నాయనమ్మ ఇంక ఏమీ మిగల్లేదనుకుని గుడ్డ పూర్తిగా తీసింది. అడుగున ఒక వాక్యం ఉంది, చెక్కుచెదరకుండా.

'మా పిల్ల కళ్లు మూసుకుని దారం ముట్టుకుంటే చాలు...'

నాయనమ్మ దాన్ని రెండుసార్లు చదివింది. బల్లకింద పడున్న దారం ఒకటి తీసి, "ఇలా రావే పోగూ. కళ్లు మూసుకో," అంది. వేళ్లమధ్య పెట్టింది.

పోగు దాన్ని నలిపింది, పేనింది, మళ్లీ విప్పింది. "కోటాయన కోటు లోపలి అస్తరుది. అసలుది కాదు, రెండోసారి వేయించినది. చవకది."

"నేనే వేశా," అంది కోడలు. "పోయిన నెల. ఎవరికీ చెప్పొద్దన్నాడు."

నాయనమ్మ చాలాసేపు మాట్లాడలేదు. వీధివాళ్లు ఏమైందోనని వచ్చి తొంగిచూశారు, అంత నిశ్శబ్దం ఆ కొట్టులోంచి ఎప్పుడూ వినలేదు మరి. ఇంతకాలం ఆమె ఎన్నో లేనివి చెప్పుకుంది. ఉన్నది పక్కనే కూర్చుని దారాలు అంటించుకుంటోందన్నది మాత్రం ఆమె కంటపడలేదు.

"పెన్నివ్వండి," అంది.

నిజం రాయడం ఆమెకి కొత్త పని. చొక్కాకి కాలరు ముందు చెయ్యాలా, చేతులు ముందు చెయ్యాలా అన్నది చిటికెలో తేల్చే మనిషి, ఒకటిన్నర గది అని రాయడానికి పావుగంట తీసుకుంది. 'అద్దెది. ఇస్త్రీ బల్ల ఒకటి, పెట్టె ఒకటి. నా కొడుకు లిఫ్టులు బాగుచేస్తాడు, లిఫ్టు లేని మేడలో ఉంటాడు. నేను రోజుకి నలభై చొక్కాలు చేస్తాను.' నలభై దగ్గర పెన్ను నాలుగు పక్కన రెండు సున్నాలకి సిద్ధమై, కోడలు దగ్గడంతో ఒకదాంతో ఆగింది. ఎంత ఇవ్వగలరన్న గడి దగ్గర ముగ్గురూ తలలు దగ్గరపెట్టారు. అన్ని ఖర్చులూ పోను రోజుకి నాలుగు చొక్కాల కూలి మిగులుతుందని కోడలు చెప్పింది. దాన్ని ఏడాదికి కట్టి రాశారు.

"నాలుగే?" అంది నాయనమ్మ దీనంగా. "ఐదు రాయకూడదూ?"

"పెట్టె పక్కనే ఉంది అత్తయ్యా."

నాలుగే రాసింది. మళ్లీ ఇస్త్రీ చేసింది. గుడ్డ తడి తప్ప ఏ ఆవిరీ లేవలేదు. పోగు గడువుకి పది నిమిషాల ముందు స్కూలు గుమ్మం దాటింది. పరుగెడుతుంటే దాని వేగానికి వీధిలో రెండు గొడుగులు వాటంతటవే తెరుచుకున్నాయి.

తర్వాత నాలుగు నెలలు చొక్కాలు వచ్చాయి, పోయాయి. కాలేజీల జవాబులు ఒక్కొక్కటే వచ్చాయి. నాలుగు కాలేజీలు కాదన్నాయి. "ఎంతో విచారిస్తున్నాము" అని నాలుగింటిలోనూ ఉంది. పెట్టెకింద పెడితే మూడింటిలో ఆ విచారం ఆవిరైపోయింది. ఒకదానిలో నిలిచింది. "పాపం, ఈ మహాతల్లెవరో నిజంగానే బాధపడింది," అని నాయనమ్మ ఆ కాగితాన్ని ఒక్కదాన్నే చక్కగా మడతపెట్టి దాచింది.

ఐదోది స్కూల్లో ముద్రించుకుని పోగు తెచ్చేసరికి కోటాయన కొట్టులోనే ఉన్నాడు. తీసుకుని చదివాడు. ఫీజు, గది, తిండి, పుస్తకాలు, విమానం, చలికోటు అన్నీ వాళ్లే చూసుకుంటారని, ఇంటివాళ్లు ఏడాదికి ఇంత ఇస్తే చాలని ఉంది. ఆ ఇంత, రోజుకి నాలుగు చొక్కాలు.

"మోసం మామ్మగారూ. పదిహేనేళ్లుగా ఈ వ్యాపారంలో ఉన్నా. ఇంత ఎవరిస్తారు? నమ్మకండి."

నాయనమ్మ కాగితం పరిచింది, గుడ్డ కప్పింది. పెట్టె అటు నడిచింది, ఇటు నడిచింది. మెట్లమీద మనుషులు నిలబడ్డారు. మూడో అంతస్తువాళ్లు ఆవిరి వస్తుందేమోనని కిటికీ రెక్క చేత్తో పట్టుకుని ఎదురుచూశారు. ఏమీ రాలేదు. గుడ్డ తీస్తే ఒక్క అక్షరం, ఒక్క కామా కూడా కదల్లేదు. ఇంకాస్త నల్లబడ్డాయి, అంతే.

కోటాయన ఆ కాగితాన్నే కాసేపు చూసి, "నా కోటు?" అన్నాడు.

"అయిపోయింది. అస్తరు జాగ్రత్త నాయనా," అంది నాయనమ్మ.

ఆ రోజునుంచి ఆమె నోరు మళ్లీ మొదటికొచ్చింది. ఆ కాలేజీ పెద్ద స్వయంగా విమానమేసుకుని వచ్చి, మెట్లకింద తల తగిలించుకుని మరీ పిల్లని పంపమని బతిమాలాడని వీధి వీధికీ చెప్పింది. బొప్పి ఎంత లావుందో వేళ్లతో చూపించింది కూడా. కోడలు అడ్డుపడలేదు. కాగితం మీద లేనంతవరకూ ఫరవాలేదనుకుంది.

బయల్దేరే రోజు పొద్దున పోగు సూటుకేసు సర్దుకుంటుంటే, నాయనమ్మ బల్ల దగ్గర వెనక్కి తిరిగి ఏదో రాసి, దాని చేతిలో పెట్టింది. చొక్కా అట్టముక్క మీద, పెద్దపెద్ద అక్షరాలు. 'నాకేం బెంగ లేదు. నాకసలు తీరికే ఉండదు. నువ్వు హాయిగా చదువుకో.'

పోగు చదివింది. బల్లమీద ఇస్త్రీ పెట్టె ఎర్రగా కాగి ఉంది, తడిగుడ్డ పక్కనే ఉంది. కోడలు పెట్టె వైపు చూసి, కూతురి వైపు చూసింది. కొడుకు సూటుకేసు తాడు ముడివేస్తూ ఆగాడు. అట్ట కాస్త వంగి, మూల నలిగి ఉంది.

"ముడతలున్నాయిగా," అంది నాయనమ్మ, ఎటో చూస్తూ. "కావాలంటే ఒకసారి..."

పోగు దాన్ని ఉన్నదున్నట్టే నోటుపుస్తకంలో, దారాల మధ్య పెట్టి మూసేసింది.

"వద్దు నాయనమ్మా. ఇది వేడికి పనికిరాని కాగితం."

నాయనమ్మ చెంబులో నీళ్లు చేతిలోకి తీసుకుని, తర్వాతి చొక్కా మీద చల్లింది. ఆ రోజు నలభై నాలుగు చేసింది.